ఐదేళ్ల మాత్ర.. మధ్యలో ఆపొద్దు!

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్‌ అయిపోయింది. కీమో, రేడియేషన్‌ కూడా పూర్తయ్యాయి. ఇక మిగిలింది రోజుకో చిన్న మాత్ర. ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకునేది ఇక్కడే. చాలామందికి చికిత్స గాడి తప్పేదీ ఇక్కడే!

కణితికి ఈస్ట్రోజెన్‌ గ్రాహకాలుంటే (ఇఆర్‌ పాజిటివ్‌) హార్మోన్‌ చికిత్స చేస్తారు. పేరు విని, ఒంట్లోకి హార్మోన్లు ఎక్కిస్తారేమోనని కంగారు పడకండి. ఇది చేసేది సరిగ్గా దానికి వ్యతిరేకమైన పని. టమాక్సిఫెన్‌ మాత్ర క్యాన్సర్‌ కణాలకు ఈస్ట్రోజెన్‌ అందకుండా అడ్డుకుంటుంది. నెలసరి నిలిచినవారికి ఎక్కువగా ఇచ్చే లెట్రోజోల్‌, అనస్ట్రోజోల్‌ వంటివి ఈస్ట్రోజెన్‌ తయారీనే తగ్గిస్తాయి. టమాక్సిఫెన్‌ను సుమారు ఐదేళ్లు తీసుకుంటే, 15 ఏళ్ల కాలంలో రొమ్ము క్యాన్సర్‌ మరణాలు దాదాపు మూడో వంతు తగ్గుతున్నట్టు 20 ప్రయోగ పరీక్షల విశ్లేషణలో తేలింది.

అయితే ప్రయోగాల్లో మాత్ర వేసుకున్నారా, లేదా అని కనిపెట్టుకొని ఉండేవారుంటారు. ఇళ్లలో సంగతి వేరు. ఉత్తర కాలిఫోర్నియాలో 8,769 మంది మందుల రికార్డులను పరిశీలిస్తే చివరిదాకా, క్రమం తప్పకుండా వాడినవారు 49 శాతమేనని 2010లో వెల్లడైంది. మధ్యలో మానేసినవారిలో, సరిగా వాడనివారిలో మరణాల ముప్పు ఎక్కువగా ఉంటున్నట్టూ ఆ మరుసటేడు బయటపడింది.

దీన్ని నిర్లక్ష్యం అనుకుంటే పొరపాటే. ఉన్నట్టుండి ఒళ్లంతా వేడి ఆవిర్లు, నిద్ర పట్టకపోవటం, పొద్దున లేవగానే వేళ్లు, మోకాళ్లు బిగుసుకుపోవటం, యోని పొడిబారటం.. ఇవన్నీ నిజమైన బాధలే. డాక్టరుకు చెప్పటానికి మొహమాటపడి, గుట్టుగా మాత్ర పక్కన పెట్టేస్తుంటారు. మీ అమ్మో, అక్కో, భార్యో ‘కీళ్లు నొప్పులే’ అంటే వయసు మీద తోసేయకండి. డాక్టరుకు చెబితే అదే కోవకు చెందిన మరో మాత్రకు మార్చి చూస్తారు. వారానికి 150 నిమిషాల నడక, దానికి తోడు బరువులతో వ్యాయామం చేస్తే ఈ నొప్పులు తగ్గుతున్నట్టు పరిశోధనలో తేలింది కూడా. లెట్రోజోల్‌ వంటివి ఎముకలను గుల్ల చేస్తాయి కాబట్టి డెక్సా పరీక్ష అవసరమవుతుంది.

టమాక్సిఫెన్‌ వాడేవారు కుంగుబాటుకు పారోక్సెటిన్‌ వాడితే టమాక్సిఫెన్‌ ప్రభావం తగ్గొచ్చు. కాబట్టి ప్రతి డాక్టరుకూ అన్ని మందుల పేర్లూ చెప్పండి. నెలసరి నిలిచాక మళ్లీ రక్తస్రావమైనా, ఒక కాలు వాచినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

పిల్లలు కావాలనుకుంటున్నారా? టమాక్సిఫెన్‌ వాడుతుండగా గర్భం రాకూడదు. సుమారు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్లు వాడాక, గర్భం కోసం రెండేళ్ల వరకు చికిత్స ఆపినా స్వల్పకాలంలో క్యాన్సర్‌ తిరగబెట్టటం పెరగలేదని 2023లో ఒక అధ్యయనం తెలిపింది. అప్పటికి దీర్ఘకాల ఫలితాలు రాలేదు. ఎప్పుడు ఆపాలో, తిరిగి ఎప్పుడు మొదలెట్టాలో మీ క్యాన్సర్‌ డాక్టరుతో ముందే మాట్లాడుకోండి.