షిఫ్టుల ఊళ్లో కోళ్ల గంప

నైట్ షిఫ్ట్ చేసిన కార్మికుడు బొగ్గు బాయి నుంచి ఇల్లు చేరేసరికి గోదావరిఖని అప్పుడే నిద్ర లేస్తుంటుంది. ఆయన స్నానం చేసి, ఇంత తిని, కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకుంటాడు. సరిగ్గా అప్పుడే గోడ అవతల పుంజు కూత అందుకుంటుంది. సింగరేణి బొగ్గు కంపెనీ మూడు షిఫ్టుల్లో నడుస్తుంది కాబట్టి ఇక్కడ పగలైనా రాత్రైనా ఎవరో ఒకరు నిద్రలో ఉంటారు. రామగుండం, యైటింక్లయిన్ కాలనీ, సెంటినరీ కాలనీల్లో పెరట్లో నాలుగు కోళ్లు పెంచాలనుకునేవాళ్లు ముందుగా ఆలోచించాల్సింది ఆ నిద్ర గురించే.

పుంజును చీకటి గదిలో పెడితే కూయదన్నది పూర్తిగా నిజం కాదు. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2013లో దీన్ని తేల్చారు. వెలుతురు మారకుండా ఉంచినా పుంజులు తమ ఒంట్లోని గడియారం ప్రకారమే తెల్లారకముందే కూశాయి. ఎక్కడో దీపం వెలిగినా, ఇంకో పుంజు కూసినా ఇవీ గొంతు కలుపుతాయి. అయితే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజు అక్కర్లేదు. పొదిగించి పిల్లలు తీయాలంటేనే పుంజు కావాలి. ఇంట్లోకి గుడ్లే కావాలనుకుంటే అన్నీ పెట్టలనే పెంచుకోవచ్చు.

ఏ రకం తెచ్చుకోవాలన్నది తర్వాతి ప్రశ్న. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ రకాలను రూపొందించింది. వనరాజా మాంసానికీ గుడ్లకూ పనికొస్తుంది, ఏడాదికి 100 నుంచి 110 గుడ్లు పెడుతుంది. గ్రామప్రియ ప్రధానంగా గుడ్ల కోడి. మంచి పోషణ ఉంటే 160 నుంచి 180 వరకు గోధుమ రంగు గుడ్లు ఇస్తుంది. పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం రాజశ్రీ అనే మరో రకాన్ని అందించింది. మనిషికి ఏడాదికి 180 గుడ్లు కావాలని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. ఆ లెక్కన నలుగురున్న ఇంటికి 720 గుడ్లు. అయిదారు గ్రామప్రియ పెట్టలు సరిగా పెడితే అవసరం తీరినట్టే. అయితే ఈ మెరుగు రకాలు దేశవాళీ పెట్టలా పొదగవు. మళ్లీ పిల్లలు కావాలంటే కొనుక్కోవాలి, లేదంటే పొదిగే నాటుపెట్టను ఒకదాన్ని ఉంచుకోవాలి.

ఒక్కరోజు వయసున్న కోడిపిల్లలు తెస్తే మొదటి ఆరు వారాలు పసిపిల్లల్ని సాకినట్టే సాకాలి. అట్టపెట్టె గుండ్రంగా కట్టి, లోపల ఉనుక పరిచి, పిల్లకు రెండు వాట్ల లెక్కన బల్బు వేలాడదీస్తారు. ముప్పై పిల్లలకు అరవై వాట్ల పాత రకం బల్బు సరిపోతుంది. మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి ఉండాలి, ఆ తర్వాత వారానికి అయిదు డిగ్రీలు తగ్గించాలి. థర్మామీటర్ లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కిందికి గుంపుగా చేరి కిచకిచమంటుంటే చలి, అట్ట అంచులకు అతుక్కుని నోళ్లు తెరిస్తే వేడి ఎక్కువైనట్టు. పెట్టె అంతటా చెదిరి మేస్తుంటే సరిగ్గా ఉన్నట్టు.

పెద్ద కోళ్లకు ఒక్కోదానికి రెండు చదరపు అడుగుల చోటు చాలు. నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల పొడవున్న గూట్లో పది కోళ్లు రాత్రి పడుకుంటాయి. ముంగిస, పిల్లి చొరబడకుండా సన్న కళ్ల జాలీ కట్టాలి. ఇక్కడ అసలు పరీక్ష మే నెల. రామగుండంలో ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పడమే దానికి తెలిసిన ఉపాయం. రేకుల గూడైతే పైన గడ్డి గానీ తడిపిన గోనె సంచులు గానీ వేయాలి. మక్కలు, నూకలు, తవుడు పొద్దున్నే గానీ సాయంత్రం చల్లబడ్డాక గానీ వేయాలి. నీళ్లు మట్టి కుండల్లో నీడన పెట్టాలి. బొగ్గు దుమ్ము పడే వాడల్లో ఆ నీళ్లను రోజుకు రెండుసార్లయినా మార్చాలి.

ఇక నిబంధనల సంగతి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 మార్గదర్శకాల్లోని అనుమతుల గొడవ అయిదు వేల కోళ్లకు మించిన ఫారాలది. పెరటి గూడు ఆ లెక్కలోకి రాదు. అలాగని అడిగేవాళ్లు లేరనుకోవద్దు. వాసన, ఈగలు, మోరీలో ఈకలు పొరుగువాళ్లను ఇబ్బంది పెడితే మున్సిపల్ కార్పొరేషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. భారతీయ న్యాయ సంహిత 270వ సెక్షన్ ప్రజలకు ఇబ్బంది కలిగించడాన్ని నేరంగా చూస్తుంది. సింగరేణి క్వార్టర్‌లో ఉండేవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. ఆ ఇల్లు, ఆ పెరడు కంపెనీ ఆస్తి. ఇటుకలు పేర్చి సిమెంటుతో గూడు కట్టేముందు ఎస్టేట్ విభాగాన్ని అడగాలి. ఎత్తి పక్కన పెట్టగలిగే చెక్క గూడైతే చిక్కులు తక్కువ. పందెం పుంజుల పెంపకం వేరే కథ. కోడిపందేలు జంతుహింస నిరోధక చట్టం కిందా, 1974 గేమింగ్ చట్టం కిందా నేరం.

మరో చట్టం అందరికీ తెలియాలి. జంతువుల అంటురోగాలపై 2009లో వచ్చిన చట్టం ప్రకారం, జబ్బు అనుమానం రాగానే యజమాని ఆ సంగతి తెలియజేయాలి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు తెలంగాణ సరిహద్దుల్లో కోళ్ల లారీలను ఆపేసింది. వ్యాధి తేలిన చోటి నుంచి కిలోమీటరు లోపల ఉన్న కోళ్లన్నింటినీ తీసేయడం జాతీయ ప్రణాళికలోని నియమం. నాలుగైదు కోళ్లు ఒకేసారి చచ్చిపోతే వాటిని కోసుకుని తినకూడదు, అమ్మకూడదు, మోరీలో పారేయకూడదు. పశువైద్యాధికారికి కబురు పెట్టి, ఆయన చెప్పినట్టు లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి.

సాయం దూరంలో లేదు. సర్కారు పశువైద్యశాల ఉంది. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సంగతి కనుక్కోవచ్చు. సెంటినరీ కాలనీకి దగ్గర్లోనే రామగిరిఖిల్లాలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. పిల్లలు ఎక్కడ దొరుకుతాయి, మేత ఎలా కలపాలి అన్న సందేహాలకు అది మంచి చోటు. పట్టణ మహిళా సంఘాల వాళ్లు మెప్మా ద్వారా రుణాల గురించి ఆరా తీయవచ్చు.

పెరటి కోళ్లను ఎక్కువగా తుడిచిపెట్టేది కొక్కెర తెగులు. పచ్చగా పారుడు, మెడ మెలితిరగడం, రెండు మూడు రోజుల్లో గంప ఖాళీ. దీనికి మందు లేదు, టీకా ఉంది. మొదటి వారంలో కంట్లో ఒక లాసోటా చుక్క, నాలుగో వారంలో మరో చుక్క, ఎనిమిది తొమ్మిది వారాలకు ఆర్‌టుబి సూది. రెండో వారంలో గంబోరో టీకా కూడా వేయాలి. చిక్కంతా సీసాతోనే వస్తుంది. టీకా సీసాలో వందల కోళ్లకు సరిపడే మోతాదులుంటాయి. పది కోళ్ల ఇల్లు దాన్ని విప్పితే మిగిలినదంతా వృథా. ఒకసారి కలిపిన టీకాను గంట రెండు గంటల్లో వాడేయాలి, అంతవరకూ ఐస్‌లోనే ఉంచాలి.

అందుకే టీకా ఒక్క ఇంటి పని కాదు, వాడ పని. సాయంత్రం కోళ్లు గూటికి చేరాక పట్టుకోవడం తేలిక. ఒకరు రెక్కలు కలిపి ఒడిసి పట్టుకుంటారు, ఇంకొకరు తల పక్కకు వంచి కంట్లో చుక్క వేస్తారు, కోడి రెప్ప ఆర్పేదాకా ఆగి వదిలేస్తారు. ఈ ఇంటి గంప అయ్యేలోపు పక్కింటి గంప రావాలి, దాని వెనక ఎదురింటిది. పుంజు కూతకు నిద్ర చెడి విసుక్కున్న మనిషి కోళ్లు కూడా ఆ వరుసలో ఉండాలి. ఆయన డ్యూటీకి బయల్దేరకముందే, ఐస్ కరగకముందే ఆ పని అయిపోవాలి.