గుంపు పెద్దదైతే భద్రం.. మాటే ఆలస్యం!

రాయగడలోని తమ్ముడు పార్వతీపురంలోని అక్కతో ఇంటర్నెట్‌ కాల్‌లో మాట్లాడుతున్నాడనుకుందాం. సిగ్నల్‌ తగ్గితే చాలు, సగం మాటలు వినబడవు. గొంతును ఫోను చిన్నచిన్న ప్యాకెట్లుగా చేసి పంపుతుంది. సాధారణంగా సెకనుకు 50. వాటిలో కొన్ని దారిలోనే పోతాయి. మళ్లీ పంపమని అడగొచ్చు గానీ, 36 వేల కిలోమీటర్ల ఎత్తులోని ఉపగ్రహం మీదుగా అయితే అడిగి తెప్పించుకోవడానికే దాదాపు అర సెకను.

ఈ అడగడమే లేకుండా చేసేది నెట్‌వర్క్‌ కోడింగ్‌. 2000లో అల్స్వేడె, కై, లీ, యూంగ్‌ అనే నలుగురు దీనికి పునాది వేశారు. 10 ప్యాకెట్లను గుంపుకట్టి, వాటిని రకరకాలుగా కలిపి 12 మిశ్రమాలు పంపుతారు. ఏ 10 చేరినా దాదాపు ఎప్పుడూ అసలువన్నీ బయటపడతాయి. బడిలో చేసిన సమీకరణాల లెక్కే ఇది. తెలియనివి పది, సమీకరణాలు పది. దారి మధ్యలోని కేంద్రం వాటిని విప్పకుండానే మళ్లీ కలిపి పంపగలదు. ఈ పద్ధతి ప్రత్యేకత అదే.

చిక్కంతా గుంపు ఎంతుండాలన్న దగ్గరే. నూటికి 10 ప్యాకెట్లు పోయే దారిలో 10కి 12 పంపితే సుమారు 11 శాతం గుంపులు విడవవు. 100కి 120 పంపితే అది 1 శాతంలోపే. అదనపు ఖర్చు రెండింటికీ సమానమే. మరి 100 పెట్టేస్తే పోలా? గుంపు నిండడానికే 2 సెకన్లు పడుతుంది! ఫోన్‌ మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకపోతే మంచిదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్‌ సంఘం సిఫార్సు. ఆ మాటకొస్తే 10 నిండడానికీ 200 మిల్లీసెకన్లు కావాలి. పైగా గుంపు 10 రెట్లయితే విప్పే లెక్కలు అంతకు మించి పెరుగుతాయి. ప్యాకెట్‌కు చూసుకున్నా ఎక్కువే. చౌక ఫోను బ్యాటరీకి ఇది బరువే. సినిమా డౌన్‌లోడ్‌ చేసుకునేవాళ్లకు 2 సెకన్లు పెద్ద విషయం కాదు. అక్కాతమ్ముళ్లకు కుదరదు.

మధ్యేమార్గం ఒకటుంది. అసలు ప్యాకెట్లను ఉన్నవున్నట్టే పంపుతూ, నడుమ నడుమ ఈమధ్య వెళ్లిన కొన్నింటి మిశ్రమాన్ని వదలడం. ఏదీ పోకపోతే ఎదురుచూపూ లేదు, లెక్కా లేదు. ఒకటి పోతే వెనకాలే వచ్చే మిశ్రమం పూడుస్తుంది. ఈ తరహా కోడ్‌కు 2020 జనవరిలో ఇంటర్నెట్‌ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్‌ ప్రమాణం వెలువరించింది. అయితే కొండ అడ్డొచ్చి వరసగా పది పదిహేను ప్యాకెట్లు పోతే, ఒకటీ అరా మిశ్రమం చాలదు. ఎక్కువ కలుపుదామంటే మళ్లీ ఆలస్యం, మళ్లీ లెక్కలు.