మెట్లూ వ్యాయామమే

ఫిజియోథెరపీ మొదలుపెట్టాక మోకాలి నొప్పి ఎక్కువైందని చెప్పుకునేవాళ్లకు మన దగ్గర రెండే జవాబులు దొరుకుతాయి. చేయించేవాళ్లు ‘కొన్నాళ్లు ఓర్చుకోండమ్మా, అదే సర్దుకుంటుంది’ అంటారు. ఇంట్లోవాళ్లు ‘పడనిది ఎందుకు, మానెయ్’ అంటారు. అరుగుదల ముదిరిన మోకాలికి రెండింటివల్లా నష్టమే. ఓర్చుకుంటూ పోతే కీలు వాచిపోతుంది. మానేస్తే తొడ కండరం సన్నబడి, ఉన్న నడక కూడా తగ్గిపోతుంది. ముందు అడగాల్సింది వేరే ఉంది: వ్యాయామం సంగతి అలా ఉంచి, ఆ మోకాలు రోజంతా ఎంత పని చేస్తోంది?

హైదరాబాద్‌లోని బోరబండలో ఈ ప్రశ్న అడక్కుండా మోకాలికి వైద్యం చేయలేం. గుట్టల మీద పెరిగిన బస్తీలివి. సందులు ఎక్కడమో దిగడమో తప్ప చదునుగా ఉండేవి తక్కువ. కొద్ది గజాల స్థలంలో లేచిన రెండు మూడంతస్తుల ఇళ్లకు లిఫ్టులుండవు, మెట్లు నిటారుగా ఉంటాయి. ఎంఎంటీఎస్ రైల్లో బోరబండ తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. అటువైపు వంటకూ, ఇంటి పనికీ, ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్‌కూ వెళ్లే ఆడవాళ్లు ఇక్కడ చాలామంది. పనికి వెళ్లే అపార్ట్‌మెంటులో లిఫ్టు ఉంటుంది, తిరిగొచ్చే ఇంటికి ఉండదు. యాభై అయిదేళ్ల మనిషి ఇలా రోజంతా తిరిగొచ్చాక సాయంత్రం పూట ‘పది గుంజీలు, పదిసార్లు మెట్టెక్కి దిగండి’ అని రాసిచ్చిన కాగితం ముందు పెట్టుకుంటే మోకాలు ఒప్పుకోదు. ఆ రోజు చేయగలిగిన పని అది అప్పటికే చేసేసింది.

ఎంత పనో అంకెల్లో చూద్దాం. చదును నేల మీద నడిచేటప్పుడు మోకాలి మీద శరీర బరువుకు రెండున్నర రెట్లకు పైగా భారం పడుతుంది. మెట్లెక్కేటప్పుడు అది మూడు రెట్లు దాటుతుంది. దిగేటప్పుడు దాదాపు మూడున్నర రెట్లు. బెర్లిన్ పరిశోధకులు కృత్రిమ మోకాలి కీళ్ల లోపలే సెన్సార్లు అమర్చి, వాటితో నడుస్తున్న మనుషుల్లో కొలిచి 2010లో ప్రచురించిన సంగతి ఇది. 65 కిలోల మనిషి మెట్లు దిగుతుంటే ఒక్కో అడుగుకు మోకాలి మీద పడేది సుమారు 225 కిలోల భారం. గొంతుకూర్చుని చేసే పనులు దీనికి అదనం. బీజింగ్ వృద్ధుల మీద జరిపి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, వయసులో ఉండగా రోజూ ఎక్కువసేపు గొంతుకూర్చున్నవారికి ముసలితనంలో మోకాలి అరుగుదల ఎక్కువగా కనిపించింది. నేల తుడవడం, బట్టలుతకడం, అంట్లు తోమడం అన్నీ కిందే కూర్చుని చేసే ఇళ్లలో పెరిగిన మనకు ఈ మాట కొత్తగా అనిపించదు.

ఇక నొప్పి ఎక్కడ పుడుతుందో చూడాలి. ‘గుజ్జు అరిగిపోయింది, ఎముకా ఎముకా రాసుకుంటున్నాయి’ అని ఎక్స్‌రే చూసి చెబుతారు. నిజమే కావచ్చు. కానీ అరిగిపోయే ఆ మృదులాస్థికి నరాలు లేవు, రక్తనాళాలూ లేవు. నొప్పి దాని కింది ఎముక నుంచి, కీలు లోపలి పొర వాపు నుంచి, కీలు చుట్టూ ఉన్న సంచి నుంచి వస్తుంది. అందుకే ఒకే రకం ఎక్స్‌రే ఉన్న ఇద్దరిలో ఒకరు నడిచి గుడికి వెళ్లొస్తారు, మరొకరు మంచం దిగలేరు. కెల్‌గ్రెన్, లారెన్స్ అనే వైద్యులు ఎక్స్‌రేలో అరుగుదలను కొలవడానికి 1957లో ప్రతిపాదించిన సున్నా నుంచి నాలుగు దాకా ఉండే గ్రేడులనే ఇప్పటికీ వాడుతున్నారు. గ్రేడ్ నాలుగు అంటే కీలు దెబ్బతిన్న తీరు తెలుస్తుంది, మనిషి పడే బాధ తెలియదు. మృదులాస్థి మీద ఏ వ్యాయామమూ కొత్త పొర వేయదు. వ్యాయామం చేసే మేలు కండరాల ద్వారా వస్తుంది. తొడ కండరం గట్టిగా ఉంటే అడుగు వేసినప్పుడు కుదుపును అది కొంత తీసుకుంటుంది, మోకాలు పక్కకు జారకుండా పట్టుకుంటుంది.

అయితే ఆ కండరాన్ని పనిచేయనివ్వని అడ్డంకి ఒకటుంది. రోగులకు దాని గురించి ఎవరూ సరిగా చెప్పకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. 1984లో స్పెన్సర్ బృందం ఆరోగ్యవంతుల మోకాళ్లలోకి కొద్దికొద్దిగా సెలైన్ ఎక్కించి చూసింది. 20 నుంచి 30 మిల్లీలీటర్లు చేరేసరికే తొడ లోపలివైపు కండరానికి వెళ్లే సంకేతాలు తగ్గాయి. 50, 60 మిల్లీలీటర్ల దగ్గర తొడలోని మిగతా కండరాలూ మందగించాయి. దెబ్బ లేదు, అరుగుదల లేదు, నొప్పీ పెద్దగా లేదు. కేవలం కీలు ఉబ్బినందుకే వెన్నుపాము ఆ కండరాన్ని ఆపేస్తోంది. మోకాలికి నీరు పట్టిన మనిషి ఎంత పట్టుదలతో కాలెత్తినా తొడ బిగుసుకోకపోవడానికి కారణం ఇదే. అది బద్ధకం కాదు. ఆ స్థితిలో బరువు కట్టి కాలెత్తిస్తే కండరం పెరగదు, వాపు పెరుగుతుంది, మర్నాటికి కండరం ఇంకా మూగబోతుంది. మోకాలు బిరుసెక్కి పూర్తిగా చాపలేని స్థితిలో, ఎముక అంచులు పెరిగి అడ్డుపడుతున్నప్పుడు, మనిషిని పడుకోబెట్టి కాలు పట్టుకుని బలవంతంగా వంచడమూ ఇలాగే బెడిసికొడుతుంది. ముందు వాపు దించాలి: గుడ్డలో చుట్టిన ఐసు పది పదిహేను నిమిషాలు, కాలు ఎత్తున పెట్టడం, రెండు మూడు రోజులు మెట్లు తగ్గించడం. కండరాన్ని మేల్కొల్పడం ఆ తర్వాతి పని.

ఎంత నొప్పి పరవాలేదు, ఎక్కడ ఆపాలి? డెన్మార్క్‌లో ఎవా రూస్, సోరెన్ స్కౌ 2013లో మొదలుపెట్టిన ‘గ్లాడ్’ కార్యక్రమం దీనికి వాడే కొలత తేలికైనది, మన దగ్గరా పనికొస్తుంది. నొప్పిని సున్నా నుంచి పది దాకా కొలుచుకోవాలి. వ్యాయామం చేస్తున్నప్పుడు రెండు దాకా ఉంటే నిశ్చింతగా చేయొచ్చు. అయిదు దాకా ఒప్పుకోవచ్చు. అయిదు దాటితే ఆ వ్యాయామాన్ని తగ్గించాలి. అంతకన్నా ముఖ్యం మర్నాడు. 24 గంటల్లో నొప్పి మళ్లీ మామూలు స్థాయికి దిగిరాకపోతే, లేదా మోకాలు ఉబ్బితే, మోతాదు ఎక్కువైనట్టే. అప్పుడు వ్యాయామం మానక్కర్లేదు, సగానికి తగ్గించాలి.

ఆ తగ్గించడం ఎలాగన్నదే అసలు నైపుణ్యం. మంచం మీద కాలు చాపి మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టుకుని, దాన్ని అయిదు సెకన్లు నొక్కి వదలడంతో మొదలుపెట్టొచ్చు. కీలు కదలదు, తొడ మాత్రం బిగుస్తుంది. కుర్చీలో కూర్చుని కాలు చాపడం తర్వాత. ఎత్తైన కుర్చీలోంచి చేతుల ఆసరాతో లేవడం ఆ తర్వాత. నొప్పి ఉన్న మోకాలితో మొదలుపెట్టలేకపోతే తుంటి కండరాలతో, అంటే పక్కకు పడుకుని కాలు ఎత్తడంతో మొదలుపెట్టినా మేలే. ఇరవై ఒకేసారి చేసే బదులు అయిదేసి చొప్పున నాలుగుసార్లు చేసుకోవచ్చు. పనికి వెళ్లే రోజు ఒక మోతాదు, సెలవు రోజు ఒక మోతాదు ఉండాలి. రోజు మొత్తంలో ఎక్కిన మెట్లన్నీ ఆ మోతాదులో భాగమే. ఈ సంగతి ఫిజియోథెరపిస్టుకు రోగే చెప్పాలి: ఎన్నో అంతస్తులో ఇల్లు, బస్సు దిగి ఎంత ఎత్తు ఎక్కాలి, ఎన్ని ఇళ్లలో పని. అడగకుండా అందరికీ ఒకే కాగితం ఇచ్చి, పావుగంట ‘కరెంట్ పెట్టి’ పంపించేసే చోట ఎన్నాళ్లు తిరిగినా ఫలితం తక్కువే. ఆ కరెంట్ యంత్రాల వల్ల దీర్ఘకాలిక మేలు ఉందనడానికి రుజువులు బలహీనం.

మోకాలికి వ్యాయామం నేర్పడం ఎంత ముఖ్యమో, అనవసరపు పని తప్పించడమూ అంతే ముఖ్యం. చేతికర్రను నొప్పి లేని కాలి వైపు చేతిలో పట్టుకోవాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, దానివల్ల భారం సరిగా తగ్గదు. కింద కూర్చునే మరుగుదొడ్డి ఉన్న ఇంట్లో దానిమీద పెట్టుకునే కమోడ్ కుర్చీ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. కూరలు తరగడం, అంట్లు తోమడం స్టూలు మీద కూర్చునో నిలబడో చేసుకోవాలి. వీలైతే కింది అంతస్తు గదికి మారడం, నా దృష్టిలో, చాలా ఇంజెక్షన్లకన్నా మేలైన చికిత్స. బరువు ఎక్కువున్నవారు ఒక్క కిలో తగ్గినా ప్రతి అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని మెసియర్ బృందం 2005లో లెక్కగట్టింది.

మందుల్లో మొదట వాడాల్సింది పైపూత డైక్లోఫినాక్ జెల్. నొప్పి బిళ్లలు కొద్దిరోజులకే, అదీ డాక్టరు చెబితేనే. బీపీ, షుగరు ఉన్నవారిలో అవి మూత్రపిండాలను, కడుపును, గుండెను దెబ్బతీయొచ్చు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ వాపు ఉధృతంగా ఉన్నప్పుడు కొన్ని వారాలు ఊరటనిచ్చి, వ్యాయామానికి దారి తెరవొచ్చు. కానీ మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్లు ఇచ్చి చూసిన 2017 నాటి అమెరికా అధ్యయనంలో సెలైన్‌కన్నా నొప్పి తగ్గలేదు, మృదులాస్థి మాత్రం ఎక్కువ తరిగింది. కీలులోకి గొట్టం పెట్టి కడిగి శుభ్రం చేసే శస్త్రచికిత్స ఉత్తుత్తి కోతకన్నా మెరుగు కాదని 2002లోనే తేలింది.

నొప్పి పెరిగిందంటే ప్రతిసారీ వ్యాయామమే కారణం కాదు. మోకాలు వేడెక్కి ఎర్రబడి జ్వరం వస్తే, పిక్క ఒక్కసారిగా వాచి నొప్పి పెడితే, పడ్డాక కాలు మోపలేకపోతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. పొద్దున గంటకు పైగా కీళ్లు బిగుసుకుపోయి, చేతివేళ్లూ వాస్తుంటే అది వేరే రకం కీళ్లవాతం కావచ్చు, దానికి మందులు వేరు. ఫ్లోరైడ్ నీళ్లు తాగే ఊళ్లలో పెరిగినవాళ్లు ఆ సంగతీ డాక్టరుకు చెప్పాలి. అలాంటి ప్రాంతాల్లో మోకాళ్లు లోపలికి ఒరిగిపోయే వైకల్యాన్ని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లోనే వర్ణించారు.

మోతాదు మార్చి, వాపు దించి, కొన్ని నెలలు పద్ధతిగా చేసినా రాత్రి నొప్పికి నిద్ర పట్టకపోతే, కాలు విల్లులా వంగిపోతుంటే, మోకాలి మార్పిడి గురించి మాట్లాడాలి. అది ఓడిపోవడం కాదు. స్కౌ బృందం 2015లో ప్రచురించిన పరీక్షలో మార్పిడికి అర్హులైన వందమందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఆపరేషన్, రెండో గుంపుకు ఆపరేషన్ లేని చికిత్స ఇచ్చారు. ఏడాదికి ఆపరేషన్ చేయించుకున్నవారికే ఎక్కువ మేలు జరిగింది, తీవ్రమైన ఇబ్బందులూ వారికే ఎక్కువ. రెండో గుంపులో నాలుగోవంతు మందే ఆ ఏడాదిలో ఆపరేషన్‌కు వెళ్లారు. అమర్చిన కీళ్లలో నూటికి 80కి పైగా 25 ఏళ్లు నిలుస్తున్నాయని 2019 నాటి లాన్సెట్ విశ్లేషణ చెబుతోంది. అయినా ప్రతి అయిదుగురిలో ఒకరి దాకా తర్వాత కూడా తృప్తిగా లేరన్న సంగతి ముందే తెలిసి ఉండాలి.

ఖర్చు విషయంలో తెలుసుకోవాల్సినవి రెండున్నాయి. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం కీలు ధరను కేంద్రం 2017 ఆగస్టులో 54,720 రూపాయలకు, జీఎస్టీ అదనంగా, పరిమితం చేసింది. అంతకుముందు అది లక్షన్నర దాటేది. ఆసుపత్రి బిల్లులో కీలు ధర విడిగా చూపమని అడగొచ్చు. రెండోది, ఏజెన్సీ ద్వారా హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ పనిచేసేవారికి జీతంలోంచి ఈఎస్ఐ కోస్తుంటే, వారి మీద ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం వర్తిస్తుంది. సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి బోరబండకు దగ్గరే. ఆరోగ్యశ్రీ ఉన్నవారు తమ చికిత్స అందులో వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి రాయించుకోవాలి.

ఆపరేషన్ తర్వాత నొప్పి నియమం కొంత మారుతుంది. మొదటి వారాల్లో నొప్పి మందు వేసుకుని మరీ మోకాలు వంచాలి, చాపాలి. ఆలస్యమైతే లోపల మచ్చ గట్టిపడి కీలు బిగుసుకుపోతుంది. ఆపరేషన్‌కు ముందు తొడ బలంగా ఉన్నవారు తర్వాత త్వరగా తేరుకుంటారు. కాబట్టి తేదీ కోసం ఎదురుచూసే నెలల్లో కూడా మంచం మీద తువ్వాలు చుట్ట నొక్కే ఆ చిన్న వ్యాయామాన్ని మానకూడదు.