కాంతికణము కావలి కాయు కబురు

పూర్వము ఉదయగిరి దుర్గమువంటి చోట్లకు పంపు లేఖలకు లక్కముద్ర వేసెడివారు. ముద్ర చెదిరినచో నడుమ నెవరో చదివినారని తెలియును. అయితే నేర్పరి లక్కను కరగించి, చదివి, మరల ముద్ర వేయగలడు.

నేడు ఆత్మకూరు బ్యాంకునుండి ఉదయగిరికి పోవు సొమ్ము కబురు చాలదూరము గాజుపోగులో, అనగా ఆప్టికల్ ఫైబరులో, కాంతియై పయనించును. దానికి గణితమే ముద్ర. 101ని 103తో హెచ్చించిన 10403 అని పిల్లవాడును చెప్పును. 10403 దేనిదేని లబ్ధమన్నచో తడవుకొనవలెను. వందల అంకెల సంఖ్యయైనచో నేటి యంత్రములకును చేతకాదు. క్వాంటం కంప్యూటరుకు చేతనగునని పీటర్ షోర్ 1994లో చూపినాడు. అంతటి యంత్రమింకను రాలేదు. కాని నేటి రహస్యములను దొంగిలించి దాచి, అది వచ్చిననాడు విప్పవచ్చును. సంకేతపదమును మార్చుకొందుము, వేలిముద్రను మార్చుకొనలేము గదా!

బెన్నెట్, బ్రస్సార్డ్ అను శాస్త్రజ్ఞులు 1984లో వేరొక త్రోవ చూపినారు. ఒక్కొక్క కాంతికణమునకు ఒక్కొక్క అంకెను, నిలువు–అడ్డము తీరునగాని ఏటవాలు తీరునగాని, ఎక్కించి పంపుదురు. తీరు తెలియక కొలిచినచో కణము చెదరును. తెలియని స్థితికి నకలు తీయుట ప్రకృతిలోనే లేదు. దొంగ ప్రతి కణమును పట్టి కొలిచి మరల పంపినచో, సరిపోలవలసిన అంకెలలో సుమారు నాల్గింట నొకటి తప్పును. ఇరువురును కొన్ని అంకెలను బాహాటముగా సరిచూచుకొని, తప్పులు మితిమీరిన ఆ వరుసనే పారవేయుదురు. ఇట్లు పంపునది కబురు కాదు, తాళపుచెవి మాత్రమే. ఫోనులో నడిగినవానికి మనమే సంకేతము చెప్పినచో కాంతికణ మేమి చేయును?

మన రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ 2020 డిసెంబరులో హైదరాబాదులోని తన రెండు ప్రయోగశాలల నడుమ 12 కిలోమీటరుల పోగుపై దీనిని నడిపి చూపినది. 2022లో ఢిల్లీ ఐ.ఐ.టి.తో కలిసి ప్రయాగరాజ్, వింధ్యాచలముల నడుమ 100 కిలోమీటరులు దాటించినది. 2023లో ఆమోదము పొందిన జాతీయ క్వాంటం మిషన్ ఉపగ్రహము ద్వారా 2000 కిలోమీటరుల లక్ష్యము పెట్టుకొనినది.

చిక్కు లేకపోలేదు. పోగులో పోనుపోను కాంతి క్షీణించును. మామూలు కబురైనచో నడుమ బలపరచి పంపుదురు. ఇచ్చట అది కుదరదు. నకలు తీయరాని గుణమే దొంగను పట్టించును, ఆ గుణమే మనకును అడ్డు. ఆత్మకూరు–ఉదయగిరుల నడుమ నొక్క పోగు చాలవచ్చును గాని, దూరనగరములకు నడుమ మజిలీలు కావలెను. ప్రతి మజిలీకిని మనుష్యులే కాపలా.

అందుచే క్వాంటం యంత్రమునకును లొంగవని యెంచిన క్రొత్త గణితముద్రలను సిద్ధము చేయుచున్నారు. అమెరికా ప్రమాణసంస్థ 2024 ఆగస్టులో మూడింటిని ప్రకటించినది. వీనికి క్రొత్త తీగలక్కరలేదు. ఉదయగిరి ఫోనులకు ముందుగా చేరునవి బహుశః ఇవియే.