పట్టుపురుగు బీజమును గాచు కత్తెర

వేంకటగిరి మనకు దూరము కాదు గనుక పట్టుచీర నెఱుగనివారు ఈ పత్రిక చదువరులలో నుండరు. ఆ పట్టుతో గూడు కట్టుకొను పురుగు తన సంతతి నెట్లు కాపాడుకొనుచున్నదో యెఱిగినవారు మాత్రము అరుదు.

ప్రతి జీవకణమునందును డి.ఎన్.ఏ. యను పొడవైన దారమున్నది. శరీరనిర్మాణమునకు వలయు ఆజ్ఞలు దానిపై వ్రాయబడి యున్నవి. కాని యందు కొన్ని భాగములు ఉన్నచోట నుండవు. తామే లేచి గాని, తమ ప్రతులను పంపి గాని మఱియొక చోట దూరును. వీనికి ట్రాన్స్‌పోజాన్లని పేరు. అమెరికాలో బార్బరా మెక్‌క్లింటాక్ అను విదుషీమణి 1940వ దశకమున మొక్కజొన్నగింజల రంగులను పరిశీలించి వీనిని కనుగొనెను. ఆమెకు నోబెల్ బహుమానము 1983 వఱకు రాలేదు! పట్టుపురుగు డి.ఎన్.ఏ.లో సగమునకు కొంచెము తక్కువ భాగము ఇట్టివానివలన నేర్పడినదే. ఇవి ముఖ్యమైన జన్యువు నడుమ దూరినచో అది చెడును. బీజకణములలో దూరినచో ఆ చేటు సంతతికి సంక్రమించును, లేదా సంతతియే కలుగదు.

దీనికి కావలి పివి యను మాంసకృత్తుల కుటుంబము. పట్టుపురుగునందలి యొకదానిని సివి యందురు. 2016లో జపాను శాస్త్రజ్ఞులు దానిని స్ఫటికముగ జేసి, ఎక్స్‌కిరణముల సాయమున దాని రూపమును తేల్చిరి. నాలుగు ముఖ్యఖండములు రెండు దళములుగ నేర్పడి, నడుమ నొక కాలువ యున్నది. సుమారు 28 అక్షరముల చిన్న ఆర్.ఎన్.ఏ. తునక అందు పరుండును. మిడ్ అను ఖండము దాని మొదటికొనను, పాజ్ అను ఖండము చివరికొనను పట్టుకొనును. చివరికొనకు మిథైల్ అను చిన్న తొడుగుండుటచేత తునక త్వరగ నశింపదు.

ఈ తునక ట్రాన్స్‌పోజాన్ వ్రాతకు ఎదురువ్రాత. ట్రాన్స్‌పోజాన్ ప్రతియగు ఆర్.ఎన్.ఏ. వచ్చి దీనితో అక్షరమున కక్షరము జతపడగా, పివి యను పేరే గల ఖండము దానిని కత్తిరించును. అదియు తునకయొక్క 10వ, 11వ అక్షరముల కెదుటనే. బట్టలవర్తకుడు గజముబద్ద పెట్టి కొలిచి చించినట్లు! తెగిన ముక్కను ఆగో3 అను మఱియొక మాంసకృత్తు గ్రహించి, దాని సాయముననే సివికి క్రొత్త తునకలను సమకూర్చును. ఇట్లు బంతివలె అటునిటు సాగుటచే దీనిని పింగ్‌పాంగ్ చక్రమనిరి. శత్రువు పెరిగినకొలది ఆయుధములును పెరుగును.

కత్తిరించుటయే గాక మూసివేయుటయు గలదు. హైదరాబాదునందలి సి.సి.ఎమ్.బి. పరిశోధకులు మణికా పాల్‌భద్ర, ఉత్పల్ భద్ర గారలు అమెరికా సహచరులతో గూడి, పండ్లయీగలో పివి మొదలగు జన్యువులు చెడినచో డి.ఎన్.ఏ. మూతపడి యుండవలసిన చోట్ల ఆ మూత సడలునని 2004లో ప్రకటించిరి. అందొక జన్యువు పేరు ఆబర్‌జీన్, అనగా వంకాయ!

2014లో జపానువారు మఱియొక వింత చూపిరి. ఆడుపురుగునకు మాత్రమే యుండు డబ్ల్యు క్రోమోజోమునుండి పుట్టిన యొక తునకతో సివి మగతనము గలిగించు జన్యువు ప్రతిని కత్తిరించును. అందుచేతనే ఆ గ్రుడ్డు ఆడుదగును. గూటి బరువులో పట్టుపాలు మగపురుగునకే హెచ్చు గనుక, మదనపల్లె, పలమనేరు, హిందూపురముల పట్టురైతులకు గూడ ఇది పట్టని సంగతి కాదు.