పాత ట్రాక్టర్‌లో టెంపరేచర్ మీటర్ ముల్లు లేవడం లేదా? ఊడిన వైరును ఇలా వెతికి కలపండి

పాత ట్రాక్టర్లలో మీటర్ పనిచేయకపోయినా "బండి నడుస్తోంది కదా" అని చాలామంది వదిలేస్తారు. టెంపరేచర్ మీటర్ విషయంలో అలా చేయడం ప్రమాదం. దాని వైరు తెగితే చాలా ట్రాక్టర్లలో ముల్లు చల్లటి వైపే ఉండిపోతుంది. ఇంజన్ కాగిపోతున్నా మీటర్ అంతా బాగున్నట్టే చూపిస్తుంది. దమ్ము సమయంలో రేడియేటర్ జాలికి బురద, చెత్త పట్టి ఇంజన్ వేడెక్కితే హెడ్ గ్యాస్కెట్ పోతుంది, హెడ్ వంకర తిరుగుతుంది. అదనులో పని ఆగిపోతుంది. వైరు మాత్రం చాలాసార్లు మీరే, తక్కువ ఖర్చుతో కలుపుకోవచ్చు.

మీటర్ ఎలా పనిచేస్తుంది?

సిలిండర్ హెడ్ దగ్గర, థర్మోస్టాట్ పక్కన నీళ్లలోకి దిగి ఉండే చిన్న ఇత్తడి సెన్సర్ ఉంటుంది. దాని నుంచి ఒకే ఒక సన్నని వైరు మీటర్‌కు వెళ్తుంది. రెండో వైరు ఉండదు, ఇంజన్ బాడీయే ఎర్త్‌గా పనిచేస్తుంది. నీళ్లు వేడెక్కే కొద్దీ సెన్సర్ గుండా కరెంటు ఎక్కువగా పారి ముల్లు పైకి లేస్తుంది.

కొన్ని పాత ట్రాక్టర్లలో వైరుకు బదులు సన్నని రాగి గొట్టం ఉంటుంది. దాన్ని కోసి అతకడం కుదరదు, గొట్టంతో సహా మీటర్ మార్చాల్సిందే. ముందు మీ బండిలో ఏది ఉందో చూసుకోండి.

ముందుగా చూడాల్సినవి

• కీ ఆన్ చేసినప్పుడు డీజిల్ మీటర్ కూడా కదలకపోతే ముందు ఫ్యూజు చూడండి. టెంపరేచర్ మీటర్ ఒక్కటే పనిచేయకపోతే దాని వైరు, సెన్సర్, మీటర్ ఈ మూడింటిలో ఒకదానిలో లోపం ఉన్నట్టు.
• ఇంజన్ పూర్తిగా చల్లారాకే పని మొదలుపెట్టండి. వేడి మీద రేడియేటర్ మూత తీయవద్దు.

లోపం ఎక్కడుందో తేల్చుకోవడం

1. సెన్సర్ కొసన వైరు ఉందో లేదో చూడండి. అదురుకు ఊడి పక్కన వేలాడుతుండవచ్చు, లేదా కొసకున్న రింగు పచ్చగా చిలుము పట్టి ఉండవచ్చు. ఉప్పుకాగితంతో రుద్ది బిగిస్తే చాలాసార్లు పని అక్కడితో అయిపోతుంది.

2. అప్పటికీ ముల్లు లేవకపోతే వైరును సెన్సర్ నుంచి తీయండి. ఇంజన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేసి, ఆ వైరు కొసను ఇంజన్ మీద రంగు లేని ఇనుప భాగానికి ఒక్క క్షణం తాకించండి. ముల్లు వేడి వైపు లేస్తే మీటర్, వైరు రెండూ మంచివే, సెన్సర్ మార్చాలి. ఎక్కువసేపు తాకించి ఉంచితే మీటర్ పాడవుతుంది.

జాగ్రత్త: డీజిల్ పంపు, సెల్ఫ్ మోటార్, ఆల్టర్నేటర్‌లకు వెళ్లే వైర్లను ఇలా తాకించవద్దు. అది సెన్సర్ వైరేనని నిర్ధారించుకున్నాకే చేయండి.

3. ముల్లు లేవకపోతే మీటర్ బోర్డు విప్పి, మీటర్ వెనుక సెన్సర్ వైరు బిగించిన చోటును గుర్తించండి. అక్కడి నుంచి ఒక చిన్న వైరు ముక్కతో ఇంజన్ బాడీకి క్షణం తాకించండి. ఇప్పుడు ముల్లు లేస్తే మీటర్ మంచిదే, మధ్యలో వైరు తెగింది. కరెంటు వచ్చే రెండో కొసను బాడీకి తాకిస్తే ఫ్యూజు పోతుంది. ఏది ఏదో తెలియకపోతే ఇక్కడ ఆగి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

తెగిన చోటును వెతకడం

కీ ఆఫ్ చేసి బ్యాటరీ మైనస్ వైరు తీసేయండి. సెన్సర్ నుంచి మీటర్ వరకు వైరును చేత్తో తడుముతూ రండి. సైలెన్సర్ వేడికి కరిగిన చోట, బానెట్ కింద నలిగిన చోట, రేకు రంధ్రం అంచుకు ఒరుసుకున్న చోట, ఎలుకలు కొరికిన చోట ఎక్కువగా తెగుతుంది. షెడ్డులో ధాన్యం బస్తాల పక్కన నిలిపే బండికి ఎలుకల బెడద మరీ ఎక్కువ.

కంటికి కనపడకపోతే మల్టీమీటర్ వాడండి. వైరు రెండు కొసలూ విప్పి, మీటర్ వైపు కొసను బాడీకి కట్టండి. మల్టీమీటర్‌ను బీప్ గుర్తు దగ్గర పెట్టి, సెన్సర్ వైపు కొసకూ బాడీకీ పుల్లలు ఆనించండి. మోగకపోతే వైరు తెగినట్టే.

కలిపే పద్ధతి

• రెండు కొసలనూ సెంటీమీటరు మేర ఒలిచి, ముందుగా ఒక కొసకు స్లీవ్ తొడగండి. తర్వాత మెలేసి, టంకం వేసి, స్లీవ్‌ను అతుకు మీదికి జరపండి. ఉత్తి మెలిక, దాని మీద టేపు మాత్రమే వేస్తే దమ్ము బురదకు తొందరగా చిలుము పడుతుంది.
• తెగిన చోటు దొరకకపోతే పాత వైరు కొసలకు టేపు చుట్టి వదిలేసి, బండ్లకు వాడే కొత్త వైరు లాగండి. సైలెన్సర్‌కు, ఫ్యాన్ బెల్టుకు దూరంగా పోనిచ్చి జానెడుకొక చోట కట్టండి.
• సెన్సర్ మారిస్తే దాని మరలకు టేపు ఎక్కువగా చుట్టవద్దు. ఎర్త్ అందక మీటర్ తప్పు చూపుతుంది.

పని సరిగా అయిందా?

బ్యాటరీ వైరు బిగించి ఇంజన్ స్టార్ట్ చేయండి. ముల్లు మెల్లగా లేచి, పనిలో ఉన్నప్పుడు మధ్యలో నిలవాలి. చల్లటి ఇంజన్‌లో కీ తిప్పగానే ఒక్కసారిగా వేడి చివరకు వెళ్తే వైరు ఎక్కడో బాడీకి తగులుతోందని అర్థం.

ఆయిల్ లైటు కూడా ఇంతే. కీ ఆన్ చేయగానే వెలగాలి, ఇంజన్ స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. కీ ఆన్ చేసినా వెలగకపోతే "ఆయిల్ బాగుంది" అనుకోవద్దు. వైరు ఊడి ఉండవచ్చు, బల్బు మాడి ఉండవచ్చు.

మీటర్ బాగయ్యేవరకు రోజూ స్టార్ట్ చేసేముందు రేడియేటర్ నీళ్లు, ఇంజన్ ఆయిల్ చూడండి. దమ్ములో మధ్యమధ్య ఆపి రేడియేటర్ జాలి శుభ్రం చేయండి. వచ్చే సీజనులో బండిని పొలంలో దించకముందే ఒకసారి కీ తిప్పి, ముళ్లు, లైట్లు అన్నీ స్పందిస్తున్నాయో లేదో చూసుకోండి.