రాస్ దీవిలో వేళ్ళు మోస్తున్న గోడలు

ఇంగ్లండులోని పాత పల్లె ఎలా ఉంటుందో చూడాలంటే మనం విమానం ఎక్కనక్కరలేదు. అబర్డీన్ జెట్టీలో పడవ ఎక్కితే పదిహేను నిమిషాల్లో రాస్ దీవిలో దిగుతాం. చర్చి, బేకరీ, క్లబ్బు, టెన్నిస్ కోర్టు, ప్రెస్సు, సమాధుల తోట అన్నీ ఉన్నాయి. పైకప్పులు లేవు, కాపురాలు లేవు. జింకలు, నెమళ్ళు తిరుగుతుంటాయి. 2018 డిసెంబరు 30న దీనికి నేతాజీ సుభాష్ చంద్ర బోస్ ద్వీపం అని పేరు పెట్టారు గానీ, చాలామంది నోట ఇంకా పాత పేరే పలుకుతుంది.

1858 మార్చి 10న వాకర్ అనే అధికారి 200 మంది ఖైదీలను ఓడలో అండమానుకు తెచ్చాడు. 1857 తిరుగుబాటు తర్వాత పట్టుబడినవారు వాళ్ళు. రాస్ మీద అడవి నరికి, చదును చేసి, బంగ్లాలు లేపింది ఖైదీలే. వాటిలో ఉన్న దొరలు మనలాగే బదిలీ మీద వచ్చి, బదిలీ మీద వెళ్ళిపోయినవారు. ఖైదీలకు మాత్రం బదిలీ లేదు. సమాధుల తోటలో రాళ్ళ మీద ఇంగ్లీషు పేర్లు ఇప్పటికీ చదవవచ్చు. అడవి నరికినవాళ్ళ పేర్లు అక్కడ వెతికితే దొరకవు.

1941 జూన్ 26న పెద్ద భూకంపం వచ్చింది. దాంతో ప్రభుత్వ కార్యాలయాలు పోర్ట్ బ్లెయిర్‌కు తరలిపోయాయి. మరుసటి ఏడు మార్చిలో జపాను సైన్యం దిగి, ఈ ఇళ్ళ సామగ్రినే ఊడదీసి బంకర్లు కట్టుకుంది. ఇది కొత్తేమీ కాదు. ఉత్తర ఇంగ్లండులో రోమన్ చక్రవర్తి హేడ్రియన్ క్రీ.శ. 122లో ఒక పెద్ద గోడ కట్టించడం మొదలుపెట్టాడు. రోమన్లు వెళ్ళిపోయాక దాని రాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో ఇళ్ళకూ చర్చీలకూ చేరాయి.

మరి రాస్‌లో మిగిలిన గోడలు ఎలా నిలిచాయి? మర్రి, రావి జాతి పండ్లు తిన్న పక్షులు గోడల మీద రెట్ట వేస్తాయి. అందులోని గింజ ఇటుకల సందులో మొలుస్తుంది. ఇక్కడి వానలకు సున్నం ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది కాబట్టి మొక్కకు మొదట్లో మట్టితో పనిలేదు. నేలను వెతుక్కుంటూ వేళ్ళు గోడ వెంట కిందికి పాకుతాయి. అవి లావెక్కేకొద్దీ ఇటుకలను విడదీస్తాయి. మళ్ళీ అవే అల్లుకుపోయి, విడిపోయిన ఇటుకలు రాలకుండా పట్టుకుంటాయి. అందుకే చెట్టు కొట్టేస్తే గోడ బాగుపడుతుందనుకోవడం పొరపాటు. వేరు ఎండి కుళ్ళితే దాని చోటు ఖాళీ అయి ఇటుకలు జారిపోతాయి.

ఈసారి వెళ్ళినప్పుడు ఫోటో కోసం ఆ వేళ్ళను పట్టుకుని ఊగకండి. కొన్నిచోట్ల గోడ బరువంతా వాటి మీదే ఉంది.